పూరిల్లు కూడా వారసత్వమే: జపాను కొండల్లోని గస్షో ఇళ్ల మీద కొన్ని మాటలు

మూడో తరగతి పిల్లలకు ఇంటి గురించి పాఠం చెప్పి బొమ్మ గీయమంటే, మా బడిలో దాదాపు అందరూ ఒకే బొమ్మ గీస్తారు. చదునైన పైకప్పు, మధ్యలో తలుపు, అటూ ఇటూ రెండు కిటికీలు, పక్కన ఒక కొబ్బరి చెట్టు. మా ఊరి చుట్టుపక్కల కొబ్బరి చెట్టు లేదు. ఆ పిల్లల్లో చాలామంది పొద్దున్న లేచి వచ్చింది గడ్డి కప్పు కింద నుంచో, రేకుల కింద నుంచో. ఒక ఏడాది ఒక పాప మాత్రం పూరిల్లు గీసింది. అరుగు, ఎర్రమట్టి గోడ, దాని మీద తెల్ల పట్టీ, చూరుకు వేలాడే మొక్కజొన్న కంకులు, అన్నీ గీసింది. పక్కనున్న పిల్లలు నవ్వారు. పాప రబ్బరు తీసుకుని చెరిపేసింది. చెరిపిన చోట కాగితం చిరిగింది.

ఆ పిల్లలను తప్పు పట్టలేం. వాళ్ల పుస్తకాల్లో ఆదిమానవుడి పాఠంలోనో, పేదరికం పాఠంలోనో తప్ప గడ్డి ఇల్లు కనిపించదు. మేము టీటీసీ చదివే రోజుల్లో కూడా బోధనోపకరణాల కోసం 'మంచి ఇల్లు' చార్టు తయారు చేశాం. అందులో గడ్డి ఇల్లు లేదు. అది లేదన్న సంగతి మాకు అప్పుడు తట్టలేదు కూడా.

పాప బొమ్మ చెరిపేశాక, గడ్డి ఇంటిని ఎక్కడైనా గౌరవంగా చూసే దేశం ఉందా అని వెతికాం. అలా దొరికినవి జపాను కొండల్లోని గస్షో ఇళ్లు. మేము అక్కడికి వెళ్లలేదు. పుస్తకాల్లో చదివాం, ఫొటోల్లో, వీడియోల్లో చూశాం. అయితే చిన్నప్పుడు గడ్డి మోపులు అందించిన చేతులు మావి. అందుకే ఆ కప్పులను చూస్తే కొన్ని సంగతులు ఎవరూ చెప్పకుండానే అర్థమయ్యాయి. కొన్నింటిని మెచ్చుకున్నాం, కొన్ని మాకు నచ్చలేదు. రెండూ చెబుతాం.

జపాను ప్రధాన ద్వీపం నడుమ, గిఫు, తొయామా అనే రెండు పరగణాల కొండల్లో షో అనే నది పారుతుంది. ఆ నది లోయలో ఉన్నవే షిరకవాగో, గొకయామా ప్రాంతాలు. చలికాలంలో అక్కడ మంచు మనిషి ఎత్తు దాటి పేరుకుంటుంది. మంచి రోడ్లు పడక ముందు చలికాలమంతా ఆ ఊళ్లకు బయటి లోకంతో రాకపోకలు ఉండేవి కావు. వరి పండే చదును నేల తక్కువ. అందుకని వాళ్లు కొండ వాలుల్లో పోడు కొట్టి చిరుధాన్యాలు పండించారు, మల్బరీ పెంచి పట్టుపురుగులు సాకారు. అవును, పోడే. ఈ మాట చదివినప్పుడు మేము ఆ పుట దగ్గర కాసేపు ఆగిపోయాం.

గస్షో అంటే వాళ్ల భాషలో చేతులు జోడించడం. కప్పు రెండు వాలులూ దండం పెట్టే అరచేతుల్లా పైన కలుసుకుంటాయి. వాలు సుమారు 60 డిగ్రీలు. అంత నిటారుగా కట్టడానికి కారణం అందం కాదు, మంచు. తడిసి బరువెక్కిన మంచు కప్పు మీద నిలవకుండా జారాలి, వాన నీరు గడ్డిలోకి ఇంకే లోపే కిందికి పోవాలి. మన ఇళ్ల కప్పు వాలు కూడా వాన నేర్పిందే. మనకు మంచు లేదు గనుక అంత నిటారు అవసరం పడలేదు, అంతే.

ఇంటిని కట్టిన పద్ధతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కింది అంతస్తు, అంటే మనుషులు ఉండే భాగం, వడ్రంగుల పని. స్తంభాలు, దూలాలు కొలతలతో చెక్కి అతికిస్తారు. పైన ఉండే కప్పు మాత్రం ఊరి వాళ్ల పని. పెద్ద వాసాల అడుగు కొసలను పెన్సిలు మొనలా చెక్కి, దూలం మీద తొలిచిన గుంటల్లో నిలబెడతారు. మేకులు కొట్టరు. మంచు బరువు పడినా, గాలి తోసినా, భూమి కంపించినా వాసం తన గుంటలో కొద్దిగా కదిలి మళ్లీ సర్దుకుంటుంది. వాసాలను, అడ్డకర్రలను గడ్డి తాళ్లతోనూ, నెసో అనే చెట్టు లేత కొమ్మలను మెలిపెట్టి చేసిన కట్లతోనూ బిగిస్తారు. ఆ కొమ్మ పచ్చిగా ఉన్నప్పుడు తాడులా వంగుతుంది, ఎండాక బిగుసుకుంటుంది. అడ్డనారను నానబెట్టి కట్టు కట్టి, ఎండాక అది బిగుసుకోవడం చూసిన మన పెద్దలకు ఈ లెక్క వివరించనక్కర్లేదు. ఎవరి అడవి ఏ నార ఇస్తే వాళ్లు దానితో కట్టుకున్నారు.

ఇళ్లన్నీ దాదాపు ఒకే దిక్కుకు నిలబడి ఉంటాయి. లోయ ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది, గాలీ అటే వీస్తుంది. అందుకని ఇంటి సన్నని వైపును గాలికి ఎదురుగా పెట్టారు. కప్పు వాలులు రెండూ తూర్పు పడమరలకు తిరిగి ఉంటాయి గనుక పొద్దున ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు ఎండ తగులుతుంది. మంచు కరగడానికీ, గడ్డి ఆరడానికీ అది మేలు. ఊరు మొత్తం ఒక క్రమంలో కనిపించి పర్యాటకులు ముచ్చటపడి ఫొటోలు తీసుకునే ఆ దృశ్యం వెనుక ఉన్నది గాలి లెక్క, ఎండ లెక్క.

కప్పు కింద అటకలు రెండు మూడు అంతస్తులుగా ఉంటాయి. మన ఇళ్లలో అటక మీద ధాన్యం, విత్తనాలు, వెదురు బుట్టలు ఉంటాయి గదా, వాళ్ల అటక మీద పట్టుపురుగుల తట్టలు ఉండేవి. కింద నడింట్లో ఇరోరి అనే పొయ్యి గుంట. దాని వేడి, పొగ అటకల నేలలోని సందుల్లోంచి పైకి పోయేవి. వేడి పట్టుపురుగులకు పనికొచ్చేది. పొగ వాసాలకు, కట్లకు, గడ్డికి పట్టి నల్లబరిచేది, పురుగు పట్టనిచ్చేది కాదు. మనింట్లో పొగచూరిన వాసాలను సున్నమేసి దాచేయాలనుకునే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ నలుపు ఇంటికి పట్టిన మురికి కాదు, ఇంటి ఆయుష్షు. (పొగ వల్ల ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు పాడవుతాయి. అదీ నిజమే. ఆ రెండు నిజాలనూ పక్కపక్కనే పెట్టుకుని మాట్లాడాలి.)

నేల కింద కూడా ఒక పరిశ్రమ నడిచేది. పొయ్యి గుంట పక్కన నేల తవ్వి మట్టి, ఆకులలములు, పట్టుపురుగుల పెంట పొరలు పొరలుగా వేసి, కొన్నేళ్లు మాగనిచ్చి, దాని నుంచి సురేకారం తీసేవాళ్లు. తుపాకి మందుకు అది కావాలి. గొకయామా వాళ్లు దాన్ని తమను ఏలిన కగా ప్రభువులకు చెల్లించేవారు. విదేశాల నుంచి చవక సురేకారం దిగుమతయ్యాక ఆ పని ఆగిపోయింది. అంటే ఈ 'అమాయకపు పల్లెటూరి ఇల్లు' నిజానికి కింద మందుగుండు సరుకు, నడుమ కాపురం, పైన పట్టు ఉన్న ఒక కార్ఖానా. కొండ మనుషుల ఇళ్లను చూసి 'ప్రకృతి ఒడిలో సరళ జీవితం' అని రాసే వాళ్లకు మేము ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తాం. ఆ గడ్డి కప్పు కింద ఎంత లెక్క, ఎంత శ్రమ, ఎంత పన్ను ఉన్నాయో చూడమంటాం.

ఇక్కడే మాకు నచ్చని విషయం కూడా చెప్పాలి. షిరకవాగోలో కొన్ని ఊళ్లలో ఒక్కో ఇంట ఇరవై, ముప్పై మంది, కొన్నిచోట్ల అంతకు మించి ఉండేవారు. భూమి ముక్కలు కాకూడదని, పట్టు పనికి చేతులు తగ్గకూడదని ఇంటి వారసుడికి మాత్రమే పద్ధతి ప్రకారం పెళ్లి చేసేవారు. మిగతా తమ్ముళ్లు, అక్కచెల్లెళ్లు అదే ఇంట్లో ఉండి పని చేసేవారు. వాళ్ల సంబంధాలకు పెళ్లి గుర్తింపు లేదు. పుట్టిన పిల్లలు తల్లి పుట్టింట్లోనే పెరిగేవారు. అంత పెద్ద ఇల్లు అంత అందంగా నిలబడటం వెనుక అలాంటి జీవితాలున్నాయి. వారసత్వ సంపద అని ఇంటికి బోర్డు పెట్టినప్పుడు ఈ సంగతి చిన్న అక్షరాల్లోకి పోతుంది. మన పెద్దిళ్ల గురించి రాసినప్పుడు కూడా ఎవరు ధాన్యం కొలిచారో, ఎవరు దంచారో రాయకపోతే మన రాతా ఆ బోర్డు లాంటిదే అవుతుంది.

ఈ ఇళ్లు గొప్పవని బయటి ప్రపంచానికి మొదట గట్టిగా చెప్పిన వాళ్లలో బ్రూనో టాట్ ఒకడు. ఆయన జర్మనీ వాస్తుశిల్పి, హిట్లరు పాలన వచ్చాక దేశం వదిలి జపాను చేరాడు. 1935లో షిరకవాగో వెళ్లి చూసి, ఈ ఇళ్ల నిర్మాణం హేతుబద్ధమైనదని, తర్కానికి నిలుస్తుందని మెచ్చుకున్నాడు. మంచిదే. కానీ వందల ఏళ్లుగా ఆ తర్కంతోనే కప్పులు కట్టిన వాళ్లు అక్కడే ఉన్నారు. బయటి నుంచి ఒకరు వచ్చి మెచ్చుకుంటే తప్ప ఇంటి విలువ ఇంటివాళ్లకు కూడా కనబడకపోవడం కొండ ప్రాంతాలన్నిటా ఉన్న జబ్బు. మన ఇళ్ల గురించీ, గోడ బొమ్మల గురించీ పుస్తకాలు రాసిన వాళ్లు ఎక్కువగా బయటి వాళ్లే. మనం రాసింది చాలా తక్కువ.

టాట్ మెచ్చుకున్నంత మాత్రాన ఇళ్లు నిలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత షో నది మీద విద్యుత్తు కోసం ఆనకట్టలు కట్టారు. ఎగువన కట్టిన మిబోరో ఆనకట్ట 1961లో పూర్తయింది. ఊళ్లు మునిగాయి. మునిగిన ఊళ్లలోని గస్షో ఇళ్లలో కొన్నింటిని విప్పి తీసుకుపోయి దూరపు పట్టణాల్లో తిరిగి నిలబెట్టారు. ఒకటి యొకొహామా నగరంలో ఒక తోటలో ఉంది. తకయామా పట్టణంలో ఇలాంటి ఇళ్లతో ఒక ప్రదర్శనశాలే ఏర్పడింది. మేకుల్లేని ఇల్లు గనుక విప్పడం, మళ్లీ కట్టడం కుదిరింది. ఇల్లు బతికింది, ఊరు పోయింది. గోదావరి ఒడ్డున పోలవరం ముంపులోకి పోయిన కోయ, కొండరెడ్డి ఊళ్లను చూసిన వాళ్లకు ఈ కథ కొత్త కాదు. ఒక తేడా ఉంది. మన ముంపు ఊళ్ల పూరిళ్లలో తరలించి నిలబెట్టదగిన ఇల్లు ఒకటి ఉంటుందన్న ఆలోచనే లెక్కల్లోకి రాలేదు. పునరావాస కాలనీల్లో వరసగా సిమెంటు గదులు వచ్చాయి. ఇల్లు పోయింది, ఊరూ పోయింది.

ఇళ్లు అలా పోతూ ఉంటే ఒగిమాచి అనే ఊరి వాళ్లు 1971లో కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం పెట్టుకున్న నియమాలు మూడు: అమ్మవద్దు, అద్దెకివ్వవద్దు, పడగొట్టవద్దు. ఇల్లే కాదు, పొలం, అడవి కూడా ఈ నియమం కిందికే వస్తాయి. ప్రభుత్వం ఆ ఊరిని రక్షిత ప్రాంతంగా గుర్తించింది ఆ తర్వాత, 1976లో. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఒగిమాచి, ఐనొకురా, సుగనుమా అనే మూడు ఊళ్లు చేరింది 1995లో. తేదీల వరస చూడండి. ముందు ఊరు, తర్వాత సర్కారు, చివర ప్రపంచం. పర్యాటక కరపత్రాల్లో ఈ వరస తలకిందులుగా ఉంటుంది, యునెస్కో వచ్చి కాపాడినట్టు.

అమ్మవద్దు, అద్దెకివ్వవద్దు అన్న మాటలు చదివినప్పుడు ఏజెన్సీలో పుట్టిన ఎవరికైనా 1/70 గుర్తుకు రావాలి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ అది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని అది చెబుతుంది. ఒగిమాచి సంఘానికీ దానికీ ఒక్క ఏడాది తేడా. మనది రాజ్యం చేసిన చట్టం, వాళ్లది ఊరు చేసుకున్న కట్టుబాటు. మన చట్టం ఎన్ని దొడ్డిదారుల్లో చిల్లులు పడిందో అందరికీ తెలుసు. బినామీ పేర్లతో మన మండల కేంద్రాల్లో లేచిన మేడలే సాక్ష్యం. అయినా ఆ చట్టం లేకపోతే ఈపాటికి ఏమి మిగిలేదో ఊహించుకోవచ్చు. చట్టమూ కట్టుబాటూ రెండూ ఒకే చోట ఉండి ఉంటే ఎలా ఉండేదన్నది మా ఆలోచన.

జపాను చట్టం గురించి కూడా కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే అసలు తేడా అక్కడే ఉంది. వాళ్ల సాంస్కృతిక సంపద రక్షణ చట్టం 1950 నాటిది. దాని కింద 1958లోనే గొకయామాలోని ఇవాసే, మురకామి ఇళ్ల వంటి రైతుల గడ్డి ఇళ్లను జాతి ముఖ్య సంపదగా ప్రకటించారు. కోట కాదు, గుడి కాదు, గడ్డి కప్పు కింద రైతు ఉన్న ఇల్లు. 1975లో చట్టాన్ని సవరించి, ఒక్కో ఇంటిని విడిగా కాకుండా ఊరి మొత్తాన్ని, అంటే ఇళ్లు, దారులు, కాలువలు, పొలాలు కలిపి కాపాడే ఏర్పాటు తెచ్చారు.

అదే 1958లో మన దేశంలో ప్రాచీన కట్టడాల చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్లు నిలిచి ఉండాలి. రాతి గుడి, రాతి కోట ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతాయి. మన పూరిల్లు ఎలా నెగ్గుతుంది? మూడు నాలుగేళ్లకు గడ్డి మారుస్తాం. చెదపట్టిన వాసం తీసి కొత్తది వేస్తాం. ఏటా పండగకు గోడ అలుకుతాం. తాత కట్టిన ఇల్లే, కానీ తాత వేసిన గడ్డిపరక ఒక్కటీ అందులో ఉండదు. ఆ చట్టం కళ్లకు అది నిన్నటి ఇల్లు. రాయిని కొలిచే కర్రతో గడ్డిని కొలిస్తే వచ్చే ఫలితం ఇది.

ఈ చిక్కు జపాను వాళ్లకూ ఎదురైంది. కర్రను, గడ్డిని మార్చుకుంటూ పోయే కట్టడం 'అసలైనది' ఎలా అవుతుందని రాతి కట్టడాల దేశాల వాళ్లు అడిగేవారు. 1994లో జపానులోని నారా పట్టణంలో పలు దేశాల నిపుణులు కూడి ఒక పత్రం వెలువరించారు. ఒక కట్టడం అసలైనదా కాదా అన్నది ఆ సంస్కృతికి చెందిన కొలతతోనే చూడాలని, పదార్థం ఒక్కటే కాకుండా వాడుక, సంప్రదాయం, పనితనం కూడా లెక్కలోకి వస్తాయని అందులో చెప్పారు. మరుసటి ఏడాదే గస్షో ఊళ్లు ప్రపంచ జాబితాలోకి వెళ్లాయి. నారా పత్రంలో చెప్పిన దాన్ని మన ఊళ్లో మామూలు మాటల్లో చెప్పాలంటే, గడ్డి పాతదా కొత్తదా అని కాదు, కప్పడం తెలిసిన వాళ్లు ఉన్నారా లేరా అని అడగాలి.

ఆ ప్రశ్నే పెడితే గస్షో ఇళ్ల మీద మా మెచ్చుకోలు కొంచెం తగ్గుతుంది. వాళ్ల దగ్గర యుయి అనే ఏర్పాటు ఉంది. మన బదులు పని లాంటిదే. ఒక ఇంటి కప్పు మార్చే రోజు వంద, రెండు వందల మంది ఊరివాళ్లు వచ్చి ఒక వైపు వాలు మొత్తం ఒకటి రెండు రోజుల్లో కప్పేవారు. డబ్బు చెల్లించేది లేదు. రేపు వాళ్లింటి కప్పుకు వీళ్లు వెళ్లాలి. ఎవరింటి పనికి ఎవరు ఎంత సాయం చేశారో రాసి పెట్టుకునే పుస్తకాలు కూడా ఉండేవి. గడ్డి కోసం ఊరికి గడ్డి బీళ్లుండేవి. ఇప్పుడు ఆ పని ఎక్కువ భాగం డబ్బు తీసుకునే పనివాళ్ల చేతికి పోయింది. ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వం భరిస్తుంది. గడ్డి కూడా చాలావరకు బయటి నుంచి వస్తుంది. చాలా ఇళ్లలో రోజూ పొయ్యి రాజుకోదు. పొగ లేక గడ్డి త్వరగా పాడవుతోంది, ఒకప్పుడు నలభై యాభై ఏళ్లు నిలిచిన కప్పు ఇప్పుడు దానిలో సగం కాలానికే మార్చాల్సి వస్తోంది. ఇల్లు అలాగే ఉంది. ఇంటిని నిలబెట్టిన సంబంధం పల్చబడింది.

పర్యాటకం గురించి ఎక్కువ చెప్పం, అరకు లోయ చూసిన వాళ్లకు తెలిసిందే. వేల మంది కూడా లేని షిరకవా గ్రామానికి ఏడాదికి పది లక్షలకు పైగా జనం వచ్చిన ఏళ్లున్నాయి. 2008లో పెద్ద రహదారి పూర్తయ్యాక తాకిడి ఇంకా పెరిగింది. ఇళ్లు కొన్ని దుకాణాలయ్యాయి, కొన్ని బసలయ్యాయి. పొలాలు కొన్ని వాహనాలు నిలిపే స్థలాలయ్యాయి. కిటికీలోంచి తొంగిచూసే అపరిచితుల మధ్య కాపురం చేయడం ఎంత ఇబ్బందో మనకు తెలుసు. సంతలో మన అమ్మల ముక్కు పోగులను అడగకుండా ఫొటో తీసుకుపోయే వాళ్లను రోజూ చూస్తున్నాం. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. అక్కడ ఆ డబ్బులో చెప్పుకోదగ్గ భాగం ఊరివాళ్ల చేతికే వస్తుంది, ఎందుకంటే ఇళ్లు అమ్ముకోలేదు. ఇల్లు బయటివాడిదై, మనం దాని ముందు థింసా ఆడి కూలి తీసుకునే పరిస్థితి వేరు.

యువతకు తప్పకుండా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆ ఇళ్లలో కరెంటు ఉంది, నల్లా ఉంది, గ్యాసు ఉంది, పిల్లలు అక్కడి నుంచే బడికి పోతారు. రక్షిత గ్రామంలో బయటి రూపు మార్చడానికి అనుమతి కావాలి. లోపల వంటగది ఎలా పెట్టుకోవాలన్నది చాలావరకు ఇంటివాళ్ల ఇష్టం. ఒగిమాచిలో అన్నిటికన్నా పెద్దదైన వాదా ఇంటిలో ఒక భాగాన్ని జనానికి చూపిస్తారు, మిగతా భాగంలో ఆ కుటుంబమే ఉంటుంది. వారసత్వం కాపాడుకోవడమంటే చీకట్లో ఉండటం అని మనల్ని ఎవరైనా భయపెడితే, ఎవరైనా అదే పేరుతో మనకు కరెంటు వద్దని చెప్తే, ఇద్దరికీ ఇదే జవాబు.

అగ్గి సంగతి కూడా చెప్పుకోవాలి. గడ్డి ఇళ్లకు అసలు శత్రువు అదే. వేసవిలో ఒక నిప్పురవ్వకు వరసగా ఇళ్లు కాలిపోవడం మన ఊళ్లలో చూశాం. ఒగిమాచిలో ఇళ్ల మధ్య నీటి ఫిరంగులు పాతారు. ఎత్తున కట్టిన తొట్టి నుంచి నీరు వాలుకు దానంతట అదే దిగి వస్తుంది, మోటారు అవసరం లేదు. ఏటా శరదృతువులో అన్నిటినీ ఒకేసారి విప్పి పరీక్షిస్తారు. 2019 నవంబరులో వాహనాలు నిలిపే చోటున్న గుడిసెలు అంటుకున్నప్పుడు ఆ ఫిరంగులు పని చేశాయి. కొండ ఊటలు కాలువలై ఊళ్లోకి దిగే మన గ్రామాల్లో ఇలాంటి నీటి తొట్టి అసాధ్యమేమీ కాదు. గడ్డి ఇల్లు ప్రమాదమని రేకులు ఇచ్చిన వాళ్లెవరూ నీటి తొట్టి గురించి మాట్లాడలేదు.

ఇక మన సంగతి. ఇది రాస్తున్న మేము స్లాబు కింద ఉన్నాం. వేసవిలో ఫ్యాను కింద కూర్చుని గడ్డి కప్పు చల్లదనం గురించి రాయడం తేలిక, అది మాకు తెలుసు. గడ్డి కోసి కొండ దిగేది ఎక్కువగా ఆడవాళ్లు. కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకుని రాత్రంతా మేలుకున్న వాళ్లకు పక్కా ఇల్లు కావాలనుకునే హక్కు ఉంది. పథకం ఇల్లు వద్దని చెప్పే సాహసం మేము చేయం. ఒక్కటే అడుగుతున్నాం. 'కచ్చా' అనే ఒక్క గడిలో అన్ని గడ్డి ఇళ్లనూ ఎందుకు వేస్తున్నారు? కారే గుడిసె, మట్టి అటక వేసి అగ్గికి, ఎండకు, చలికి లెక్క చూసి కట్టిన ఇల్లు ఒకటేనా? మైదానంలో ఉత్తరాంధ్ర తీరం చుట్టిల్లు, మన గదబల గుండ్రటి ఇల్లు తుపాను గాలిని పక్కకు తోసే ఆకారాలు. అదంతా ఒక్క టిక్కు గుర్తుతో చెరిగిపోతుంది. మా బడిలో పాప రబ్బరు చేసిన పనే అది.

మనకు ఆధారాలు లేకపోలేదు. 1996 నాటి పీసా చట్టం నాలుగో సెక్షను, మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే సమర్థత గ్రామసభకు ఉందని చెబుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షను మన ఆవాసాలను, సాంస్కృతిక, ప్రకృతి వారసత్వాన్ని దెబ్బతీసే పనుల నుంచి కాపాడుకునే అధికారం ఇస్తుంది. గడ్డి, వెదురు, అడ్డనార తెచ్చుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. గ్రామసభ రిజిస్టరులో ఇంతవరకు రోడ్డు, బోరు, పింఛను తీర్మానాలే రాశాం. ఊరి గడ్డి బీడు ఏదో, దాన్ని ఎవరూ దున్నకూడదని, జీడిమామిడి వేయకూడదని ఒక్క తీర్మానం రాయలేదు. గడ్డి బీడు పోయాక గడ్డి ఇంటి గురించి మాట్లాడి లాభం లేదు. ఒగిమాచి వాళ్లు కప్పుతో పాటు పొలాన్ని, అడవిని కూడా ఆ మూడు మాటల్లో ఎందుకు కలిపారో ఇప్పుడు అర్థమవుతోంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక పని చెబుతాం. కొలతల పాఠం వచ్చినప్పుడు పిల్లలను ఊళ్లో మిగిలిన ఒక పూరింటికి తీసుకెళ్లండి. నిట్టాడు ఎత్తు, చూరు ఎత్తు, వాసాల సంఖ్య కొలిపించండి. ప్రతి కర్రకూ, ప్రతి కట్టుకూ మన భాషలో ఉన్న పేరు పెద్దవాళ్లను అడిగి రాయించండి. మేము పోయిన ఏడాది చేశాం. కువి మాట్లాడే ఒక తాత ఇంటి భాగాలకు ఇరవైకి పైగా పేర్లు చెప్పాడు. వాటిలో సగం మాకు తెలియవు. పిల్లల నోటుపుస్తకాల్లో అవి ఇప్పుడు బొమ్మతో సహా ఉన్నాయి.

మా అమ్మమ్మ ఇల్లు మా ఊళ్లో మిగిలిన మూడు గడ్డి ఇళ్లలో ఒకటి. మా మామయ్యకు పథకం కింద కొత్త ఇల్లు మంజూరైంది. పాత ఇంటి స్థలంలోనే కట్టుకోవాలని మొదట అనుకున్నారు. ఇంట్లో చాలా రోజులు మాటలు నడిచాయి, కొన్ని గట్టిగానే. చివరికి పెరటి వైపు చోటు చూసుకున్నారు. పాత ఇంటిని ఈసారికి ఉంచారు, కానీ కప్పు నాలుగేళ్లది, వచ్చే వానకు ఆగదు. సంక్రాంతి తర్వాత గడ్డి కోయాలి. ఇరవై మంది కావాలి. అడ్డనార మెలిపెట్టడం వచ్చిన వాళ్లు ఊళ్లో ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఇంతవరకు పదకొండు మంది వస్తామన్నారు. అందులో నలుగురు మా దగ్గర చదువుకున్న పిల్లలు.